పరంజా మీంచి పడితే తప్పెవరిది?

మధురవాడ_ఇంజినీర్: మొన్న మా పక్క సైట్‌లో ప్లాస్టరింగ్ చేస్తూ ఒకతను రెండో అంతస్తు ఎత్తులో పరంజా మీంచి, అంటే నిలబడి పని చేయడానికి కట్టే మంచె మీంచి పడ్డాడు. నడుం విరిగింది. అందరూ బిల్డర్‌నే తిడుతున్నారు. సేఫ్టీ బెల్టు ఇస్తే ఎందుకు పెట్టుకోరు? పన్నెండేళ్లుగా చూస్తున్నా, ఉక్కపోత అంటారు, మనం అటు తిరగ్గానే విప్పి పిట్టగోడ మీద పడేస్తారు.

గాజువాక_మేస్త్రి: బెల్టు కొక్కెం దేనికి తగిలించాలి సార్? తాడుతో కట్టిన సరుగుడు కర్రకా? ఆ కర్రే విరిగితే మనిషీ దాంతోపాటే కిందికొస్తాడు.

మధురవాడ_ఇంజినీర్: మా దగ్గర ఇనుప పైపులే. అయినా విప్పేస్తారు.

సీతమ్మధార_రమ: మా ఇంటికి రంగులేసినప్పుడు పైన చేతికి అడ్డకర్ర ఉందో లేదో నేనూ చూడలేదు.

పెందుర్తి_తమ్ముడు: మా నాన్న 2019లో కొమ్మాది దగ్గర పడ్డారు. బెల్టు లేదు, నిజమే. రెండు చెక్కల మధ్య జానెడు సందు, దాని మీద తడి ఇసుక. మేస్త్రి ఆటోలో ఆసుపత్రిలో దింపి, ఐదు వేలు చేతిలో పెట్టి పోయాడు. బిల్డర్‌ని అడిగితే “మీ నాన్న నా మనిషి కాదు” అన్నాడు. హాజరు పుస్తకంలో పేరే లేదు.

మధురవాడ_ఇంజినీర్: తాగి ఎక్కినా మేమే ఇవ్వాలా?

పెందుర్తి_తమ్ముడు: మా నాన్న చుక్క ముట్టరు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

మధురవాడ_ఇంజినీర్: మీ నాన్నగారిని అనలేదు బాబూ. తప్పుగా రాశాను, క్షమించండి.

కోర్టు_గుమాస్తా: తమ్ముడి నాన్నగారు పడినప్పుడు అమల్లో ఉన్న, 2025 నవంబరు దాకా నడిచిన 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ చూడండి. మేస్త్రి ద్వారా వచ్చిన కూలీకైనా పరిహారం అసలు యజమాని కట్టాలి, తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవచ్చు. తాగాడనో, కావాలని బెల్టు విప్పాడనో చిన్న గాయానికైతే తప్పించుకోవచ్చు. మనిషి పోయినా, జన్మలో ఏ పనీ చేయలేని స్థితికొచ్చినా ఆ సాకు చెల్లదు.

గాజువాక_మేస్త్రి: తమ్ముడూ, నా సంగతి చెప్తా. పని అడుగు లెక్కన ఒప్పుకుంటాం, పరంజా అద్దె కూడా అందులోనే. ఒక రోజు ముందు విప్పితే ఆ అద్దె నాకు మిగులుతుంది. వాన పడ్డాక కట్లు బిగించి చూడాలని తెలుసు, చాలాసార్లు చూడలేదు. అద్దె బిల్డర్ విడిగా ఇస్తే చూస్తాను.

మధురవాడ_ఇంజినీర్: విడిగా ఇస్తే, అందరి పేర్లూ రాస్తే ఫ్లాట్ రేటు పెరుగుతుంది. కొనేవాళ్లు ఇస్తారా?

పెందుర్తి_తమ్ముడు: ఇప్పుడు చెప్పారు అసలు సంగతి. ఇంతసేపూ బెల్టు అన్నారు. మీ సైట్‌లో ఎంతమంది, పుస్తకంలో ఎన్ని పేర్లు?

మధురవాడ_ఇంజినీర్: ఇప్పుడే చూశాను. పని చేసేది నలభై మంది. పేర్లు పదకొండు.