అప్‌డేట్: నికాన్ జెడ్ కెమెరాపై సోనీ లెన్సులు

నికాన్ జెడ్ కెమెరా బాడీకి మారాక నా మూడు సోనీ E-మౌంట్ లెన్సులను (మౌంట్ అంటే కెమెరాకు లెన్సు బిగించే చోటు) అమ్మేయాలా, రెండింటినీ కలిపే అడాప్టర్‌తో వాడుకోవాలా అని ఇంతకుముందు అడిగాను. అడాప్టరే కొన్నాను. రెండు నెలలైంది.

మౌంట్ నుంచి సెన్సార్‌కు దూరం సోనీలో 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16. అంటే అడాప్టర్‌కు మిగిలేది 2 మి.మీ. మందం! అంత పలుచని రేకులో ఎలక్ట్రానిక్స్ ఎలా ఇరికించారో ఇప్పటికీ ఆశ్చర్యమే. దీనికి ఉల్టాగా, జెడ్ లెన్సును సోనీ బాడీకి పెట్టలేమని ఒకరు చెప్పింది నిజమే. లెన్సు 2 మి.మీ. లోపలికి దిగితే తప్ప దూరపు దృశ్యం ఫోకస్ కాదు.

ముందు చవకగా దొరికే ఎలక్ట్రానిక్స్ లేని, ఖాళీ రింగు లాంటి అడాప్టర్ కొని డబ్బు తగలేశాను. నా లెన్సుల్లో ఫోకస్ రింగు తిప్పినా మోటారుకు కరెంటు అందాలి, అందకపోతే ఏదీ కదలదు. ఈ ముక్క ముందే తెలిస్తే బాగుండేది.

ఎలక్ట్రానిక్ అడాప్టర్‌తో ఫొటోలకు ఆటోఫోకస్ బాగుంది, కన్నును కూడా పట్టుకుంటోంది. వీడియోలో మాత్రం అప్పుడప్పుడు ముందుకూ వెనక్కూ తడబడుతోంది. మధ్యలో కెమెరా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చిన రోజు లెన్సును అసలు గుర్తించలేదు. అడాప్టర్ ఫర్మ్‌వేర్ కూడా మార్చాకే దారికొచ్చింది. ఇక ముఖ్యమైన పని ముందురోజు ఏ ఫర్మ్‌వేరూ ముట్టుకోను.

రెండు ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు ఉంచుకుంటున్నాను. బరువైన జూమ్ మౌంటు దగ్గర కాస్త కదులుతోంది, దాన్ని అమ్మేస్తున్నాను.