సమస్య: "తీగ లేని వీణ తేనె లొలికె" (ఆటవెలది)

గంటస్తంభం (నిర్వాహకుడు):
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య పైన ఇచ్చాను, ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. షరతు ఒక్కటే. మన విజయనగరం సంగీతానికీ రేడియోకీ ఉన్న చుట్టరికం పద్యంలో కనిపించాలి. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడే వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ఆ పీఠం ఎక్కారు. ఘంటసాల, సుశీల ఆ కళాశాలలో చదువుకున్నవారే. ఇంత పాట పండిన ఊరికి చేరువలో రేడియో కేంద్రం మాత్రం 1963 ఆగస్టు 4న గానీ రాలేదు, అదీ విశాఖపట్నంలో. అంతకుముందు మద్రాసు (1938), విజయవాడ (1948) కేంద్రాలే దిక్కు. దాసుగారు 1945లోనే కన్నుమూశారు. నాయుడుగారు విశాఖ కేంద్రం వచ్చిన మరుసటి ఏడాదే వెళ్లిపోయారు. కోటలో, కళాశాలలో జరిగే కచేరీకి వెళ్లే వీలులేని ఇళ్లకు శాస్త్రీయ సంగీతం రేడియో దారినే చేరింది. ఆ ఇళ్ల తరఫున రాయండి.

చంపావతి:
అలల మీద వచ్చి యాకాశవాణిలో
విజయనగర మందు వీధి నిండ
నాన్న పెట్టె తిప్ప నాదమ్ము పొంగగా
తీగ లేని వీణ తేనె లొలికె

మూడులాంతర్లు:
చంపావతి గారూ, నడక హాయిగా ఉంది, యతులన్నీ కుదిరాయి. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. పెట్టెను ఎవరూ తిప్పరు కదా, తిప్పేది కేంద్రాన్ని పట్టే ముల్లు. మా ఇంట్లో వాల్వుల రేడియో సెట్టు ఉండేది. స్విచ్చి వేయగానే పలికేది కాదు. ముందు అద్దం వెనుక పసుపు దీపం వెలిగేది. వాల్వులు వేడెక్కాక గుర్రుమనే చప్పుడు మొదలయ్యేది. ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోతే ఆ గుర్రు సన్నబడి, దాని అడుగునుంచి తంబూరా శ్రుతి పైకి తేలేది. రాత్రిపూట మరీ కష్టం. మీడియం వేవ్ చీకటి పడ్డాక ఆకాశంలో పైపొరకు తగిలి తిరిగివస్తుంది కాబట్టి ఎక్కడెక్కడి కేంద్రాలో వచ్చి మన పాటలో కలిసేవి. ఆ ముల్లును పద్యంలోకి తెండి.

నాగావళి:
నాది ఇంకో అభ్యంతరం. ఆ రోజుల్లో తీగ లేని రేడియో ఎక్కడిది? మా శ్రీకాకుళంలో మిద్దెమీద రెండు వెదురుగడలు పాతి, మధ్యన రాగితీగ లాగి, దాని కొస కిటికీలోంచి సెట్టు వెనక్కి తెచ్చేవారు. గాలివానకు గడ ఒరిగితే ఆ పూట కచేరీ లేనట్టే. సమస్య సమర్థించబడలేదని నా అభిప్రాయం.

చంపావతి:
వీణకు తీగ అంటే వేలు మీటే తీగ, నాగావళి గారూ. మిద్దెమీది తీగను ఎవరూ మీటలేదు. విశాఖలో మీటిన తీగకూ మా వీధికీ నడుమ గాలి తప్ప ఏమీ లేదు, ఆ ఆశ్చర్యమే నా పద్యం. మూడులాంతర్లు మాస్టారు చెప్పిన ముల్లు బాగుంది. మూడో పాదం ఇలా మార్చాను:
ముల్లు నాన్న తిప్ప మొదలైన నాదమై

గంటస్తంభం:
ఇప్పుడు పద్యానికి ప్రాణం వచ్చింది. రాగితీగ వాదం బలమైనదే కానీ చంపావతి గారి సమాధానం నిలుస్తుంది. సమస్య పరిష్కారమైంది.

నాగావళి:
నా పూరణ:
కంఠమందు పలుకు కల్యాణి రాగమ్ము
రేడియోను చేర రేయి పగలు
పల్లెవారు వినుచు పరవశ మందగా
తీగ లేని వీణ తేనె లొలికె

చంపావతి:
గొంతును వీణ చేయడం నాకు నచ్చింది. నారద శిక్ష అనే పాత శాస్త్రగ్రంథంలోనే దారువీణ (కొయ్య వీణ), గాత్రవీణ (గొంతు) అని రెండు చెప్పారు. అయితే కల్యాణి సాయంకాలపు రాగం. దాన్ని పగలు కూడా పలికిస్తే సంగీతం తెలిసినవారు ఒప్పుకోరు. తెల్లవారుజామున భూపాలం, పొద్దెక్కుతుంటే బిలహరి, దీపాల వేళకు కల్యాణి అని వేళల తేడా చాలామందికి చెప్పకుండా నేర్పింది రేడియోనే. "రేయి వేళ" అంటే గణాలూ చెడవు, రాగమూ చెడదు.

నాగావళి:
"రేయి వేళ" అనే ఉంచుతున్నాను. ధన్యవాదాలమ్మా.

వేగావతి:
పనస మాను కాచె బంగారు తొనలను
గొల్లపల్లి వీణ గూడు గాగ
కొమ్మ దిగిన పండు కోయంగ నింటిలో
తీగ లేని వీణ తేనె లొలికె

మూడులాంతర్లు:
అద్భుతం! బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒకే పనసదుంగను తొలిచి కుండ, దండి అతుకు లేకుండా వీణ చేస్తారు. తీగ కట్టక ముందే ఆ మానులో వీణ ఉందన్నమాట. తేనె అన్న మాటకు ఇంత సూటి అన్వయం నాకు తట్టలేదు.

గంటస్తంభం:
నాకూ ఎంతో నచ్చింది. కానీ ఇందులో రేడియో ఏదండీ?

వేగావతి:
లేదండి, కావాలనే పెట్టలేదు. స్టూడియోలో మైకు ముందు పలికే వీణ ఏదో ఒక పెరటి చెట్టు. రేడియో గొప్పది, అందులో సందేహం లేదు. దానికంటే ముందు ఉలి పట్టిన చేతులు ఉన్నాయని ఒక్క పద్యమైనా చెప్పాలనిపించింది.

గంటస్తంభం:
షరతు షరతే కాబట్టి దీన్ని పోటీకి వెలుపల ఉంచుతున్నాను. ఈ వారం వచ్చిన వాటిలో నా మనసుకు మొదటిది మాత్రం ఇదే.

మూడులాంతర్లు:
నేనూ ఒకటి ప్రయత్నించాను:
నేడు ఫోనులోన నిండార వినిపించె
నాటి వారి పాట నాదనిధిగ
దాచి యిచ్చినట్టి ధన్యుల దయ చేత
తీగ లేని వీణ తేనె లొలికె

వేగావతి:
మాస్టారూ, "వినిపించె", "ఒలికె" అని వాక్యాన్ని ముగించే సమాపక క్రియలు రెండు పడి పద్యం రెండు ముక్కలైంది. "వినిపింప" అంటే ఒకే వాక్యంగా సాగుతుంది. గణం అదే.

గంటస్తంభం:
సవరణ సరైనదే. మూడో పాదం గురించి ఒక మాట. రేడియో తొలినాళ్లలో ప్రసారాలు చాలావరకు ప్రత్యక్షంగానే సాగేవి. పాడిన పాట పాడినట్టే గాలిలో కలిసిపోయేది. కాబట్టి వాటిని దాచి ఇచ్చినవారిని "ధన్యులు" అనడం అతిశయోక్తి కాదు. ఎవరి ఇంట్లోనైనా విశాఖ కేంద్రం కచేరీలు ఎక్కించుకున్న పాత క్యాసెట్లు ఉంటే, విద్వాంసుల పేరు, రాగం, అట్టమీద తేదీ ఉంటే అదీ ఇక్కడ రాయండి. బూజు పట్టిన టేపును మాత్రం శుభ్రం చేయించకుండా ఆడించకండి, తెగిపోతుంది. పూరణలకు ఆదివారం దాకా గడువు ఉంది.