ఇంట్ల ర్యాపిడ్ టెస్టు, రిజల్టు ఫోన్ ఆప్‌ల: మనకు పనికొస్తదా?

హంటర్‌రోడ్డు
వానాకాలం జ్వరాలు మొదలైనయి, అందుకే అడుగుతున్న. 2021 మే 19న ఐసీఎంఆర్ (దేశంల వైద్య పరిశోధన చూసే సర్కారు సంస్థ) కరోనా టెస్టు ఇంట్లనే చేసుకోవచ్చని చెప్పింది. మైల్యాబ్ కంపెనీ వాళ్ల కోవిసెల్ఫ్ కిట్టు అప్పుడు 250 రూపాయలుండె. ముందు ఆప్‌ల పేరు ఎక్కించి, ముక్కుల పుల్ల తిప్పి, చుక్కలు వేసి 15 నిమిషాలు ఆగి, అదే ఫోన్‌తోని స్ట్రిప్పు ఫోటో తీయాల్సి ఉండె. వివరాలు ఐసీఎంఆర్‌కు పోతుండె. డెంగీకి కూడా గిట్లాంటిది ఉంటే బాగుంటదని నా మాట. మీరేమంటరు?

ల్యాబ్_హన్మకొండ
14 ఏండ్ల సంది ల్యాబ్‌ల పనిచేస్తున్న. ఒక్కటే అడుగుత: సన్న గీత సంగతేంది? స్ట్రిప్పు మీద సి (కిట్టు పనిచేసిందని చెప్పే గీత) దగ్గర గీత వచ్చి, టి (టెస్టు గీత) దగ్గర ఎంత సన్నగ కనిపించినా అది పాజిటివే. ఫోటో సరిగ్గ తీయకుంటే ఆ గీత కనబడకపోవచ్చు. 20 నిమిషాలు దాటినంక చూస్తే ఆ రిజల్టు చెల్లదు. ఆప్ గీతను చూస్తది గానీ పుల్ల ముక్కుల సరిగ్గ తిరిగిందా అన్నది చూస్తదా?
ఇగ డెంగీకి వేలు పొడిచి రక్తం తీయాలె. ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్) మొదటి ఐదు రోజుల్లనే మంచిగ దొరుకుతది, తర్వాత ఐజీఎం (రోగాన్ని ఎదిరించేందుకు ఒంట్ల పుట్టే యాంటీబాడీ) చూడాలె. కార్డు మీద వచ్చినా ఖాయం చేసేది ల్యాబ్‌ల చేసే ఎలీసా టెస్టుతోనే.

పరకాల_బిడ్డ
గీత గీత అంటున్నవు గదా అన్నా, నా సంగతి విను. 2021ల నాయినకు జ్వరమొస్తే ఒక ల్యాబుల శాంపిలు ఇచ్చినం. రిజల్టు నాలుగో రోజు వచ్చింది. రెండర్రల ఇల్లు మాది. ఆ నాలుగు రోజులు అమ్మనే ఆయనకు గంజి తాగిచ్చింది, పక్కనే పండింది. ఇంట్ల కిట్టు ఉంటే 15 నిమిషాల్ల తెలుస్తుండె, అమ్మను మేనమామ ఇంటికి తోలుతుంటిమి.

కాజీపేట_జంక్షన్
కిట్టు కొనేముందు డేటు చూసుకోండ్రి.

ల్యాబ్_హన్మకొండ
బాధైతంది చెల్లె. కానీ కిట్టుల నెగెటివ్ వస్తే ఏం చేస్తుంటిరి? లక్షణాలుండి నెగెటివ్ వచ్చినోళ్లు వెంటనే ల్యాబ్‌ల ఆర్టీపీసీఆర్ టెస్టు చేయించుకోవాలని ఐసీఎంఆరే చెప్పింది. ఎంతమంది పోయిండ్రు? నెగెటివ్ అని ఫోన్‌ల చూసి పెండ్లిళ్లకు పోయినోళ్లను నేను చూసిన. సన్న గీతను వదిలేస్తే గంతే.

ఏటూరునాగారం
మా దగ్గర ఆశ అక్క మలేరియా కార్డు పట్టుకొని ఇంటికే వస్తది. వేలు పొడిచి చూస్తది, పాజిటివ్ అయితే అక్కడికక్కడ గోలీలు షురూ చేస్తది. ఆమెకు సిగ్నల్ అక్కర లేదు.

పరకాల_బిడ్డ
మళ్ల సన్న గీతనేనా! ఇంటింటికి కిట్లొస్తే ల్యాబులకు గిరాకీ పోతదని నీ భయం. సాఫ్‌గ చెప్పు.

ల్యాబ్_హన్మకొండ
గిరాకీ మాట తీసినవు కాబట్టి చెప్త. నేను జీతగాన్ని, గిరాకీ నాది కాదు. ఆ సంవత్సరం డ్యూటీల నాకే కరోనా అంటింది. రిపోర్టు మీద అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నయి. తెల్లారి గేటుకు కరోనా ఇల్లని కాగితం అంటించి పోయిండ్రు. పొద్దుగూకేసరికి ఇంటి ఓనరు మోటరు బంద్ జేసిండు. నా భార్యకు ఏడో నెల, రెండు బిందెల నీళ్లకు బతిమాలుకున్నది. ఇప్పుడు అదే అడ్రసు నా చేత్తోని నేనే ఫోన్‌ల కొట్టాల్నా?

హంటర్‌రోడ్డు
పేషెంటు వివరాలు బయటికి పోవని ఐసీఎంఆర్ నిబంధనల్ల రాసుంది అన్నా.

ల్యాబ్_హన్మకొండ
కాగితం అంటించినోడు కూడా నిబంధనే అన్నడు.

పరకాల_బిడ్డ
నీ గేటు కాడికి కాగితం పట్టుకొనన్న ఒకరు వచ్చిండ్రు. అమ్మకు పాజిటివ్ అని తెలిసినంక మా గడప ఎవ్వరు తొక్కలె, ఒక్క ఫోన్ రాలె. అడిగితే మా లిస్టుల మీ పేరు లేదన్నరు. నాకు ఆప్ కావాల్సింది అందుకు. గీత చూసేటందుకు కాదు. మా పేరు ఒక దగ్గర రాసుండాలె.

ఏటూరునాగారం
2022 జనవరిల జ్వరం సర్వే అని మందుల కిట్లు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిండ్రు గదా అక్కా, మీ ఇంటికి రాలేదా?

పరకాల_బిడ్డ
వచ్చిండ్రు. అప్పటికి అమ్మ లేదు.

ల్యాబ్_హన్మకొండ
నాకు తెల్వదు చెల్లె. గిరాకీ మాటకు నాకేం కోపం లేదు. ఒక్కటి చెప్పు, పేరు, ఇంటి నంబరు లేకుంట పిన్‌కోడు, రిజల్టు మట్టుకే పోయేటట్టు చేస్తే ఒప్పుకుంటవా? ఏ వాడల జ్వరాలు పెరిగినయో తెలుస్తది, ఎవరి గేటుకూ కాగితం పడదు.

పరకాల_బిడ్డ
పిన్‌కోడుకు గోలీలు ఎట్ల తెచ్చిస్తరు అన్నా?