పాత పెన్‌డ్రైవ్‌లు ఇచ్చేముందు పూర్తిగా చెరిపేయడం ఎలా?

మా డ్రాయర్లో ఎనిమిది పాత పెన్‌డ్రైవ్‌లు పడున్నాయి. ఒకటి చెల్లి పెళ్లి ఫొటోలది, దాని మూత ఎప్పుడో పోయింది. సినిమాలు, వార్తలు నింపి ఉత్తర కొరియాలోకి పంపడానికి ‘ఫ్లాష్ డ్రైవ్స్ ఫర్ ఫ్రీడమ్’ అనే ప్రచార కార్యక్రమం వాళ్లు ఇలాంటివి సేకరించేవారని చదివాను. అక్కడ వీటిని నోటెల్ అనే చిన్న ప్లేయర్లో పెట్టుకుని చాటుగా చూస్తారట. దొరికితే బయటి దేశాల సినిమాలు, వార్తల మీద అక్కడ తెచ్చిన 2020 చట్టం కింద ఏళ్ల తరబడి శిక్ష; పెద్ద ఎత్తున పంచితే ప్రాణాలకే ముప్పు.

నా టెన్షన్ వేరే. క్విక్ ఫార్మాట్ కొట్టాక కూడా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పెళ్లి ఫొటోలు సగం తిరిగొచ్చేశాయి! పాత డేటా మీద డ్రైవ్ నిండా సున్నాలు రాస్తే సరిపోతుందా? 4 జీబీవి ఇంకా ఎవరికైనా పనికొస్తాయా? ఇక్కడి నుంచి ఎవరైనా వాళ్లకు పెన్‌డ్రైవ్‌లు పంపి ఉంటే, కస్టమ్స్ ఫారంలో ఏమని రాశారో చెప్పండి ప్లీజ్.