మ్యాన్ ఫ్రమ్ అంకుల్ నవలలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అంకుల్ అనే గూఢచారి సంస్థ మీద తీసిన ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్ టీవీ సీరియల్ నాలుగు సీజన్లూ, 105 ఎపిసోడ్లూ చూసేశాను. ఇక ఏస్ బుక్స్ వేసిన నవలలు పట్టుకోవాలని ఉంది. ఒకే నవలకి ఒక్కో జాబితాలో ఒక్కో నంబరు కనిపిస్తోంది. 1 నుంచి వరసగా చదవాలా? చూసిన కథలే మళ్లీ వస్తాయా? పాత కాపీ కొనేముందు ఏం చూసుకోవాలి?

జవాబు 1:
చూసిన కథలు కావండీ, అన్నీ కొత్తగా రాయించినవే. అమెరికాలో 23 వచ్చాయి, బ్రిటన్‌లో 16తో ఆగిపోయాయి, ఎవరి వరస వాళ్లది. నంబరు నమ్ముకుంటే ఒకే పుస్తకం రెండుసార్లు కొంటారు. పేరు, రచయిత రాసి పెట్టుకోండి.

ఏ కథకా కథ విడి కాబట్టి రచయితను బట్టి చదవడం మేలు. నా ఓటు డేవిడ్ మెక్‌డానియల్‌కి. అమెరికా వరసలో 4వదైన డాగర్ ఎఫైర్‌తో మొదలుపెట్టండి. అంకుల్‌కి శత్రు సంస్థ అయిన థ్రష్ పేరులోని అక్షరాలకి అర్థమేమిటో సీరియల్లో ఎక్కడా విప్పి చెప్పలేదు కదా, ఇందులో చెప్పాడు: టెక్నలాజికల్ హైరార్కీ ఫర్ ద రిమూవల్ ఆఫ్ అన్‌డిజైరబుల్స్ అండ్ ద సబ్జుగేషన్ ఆఫ్ హ్యుమానిటీ (అక్కర్లేనివాళ్లని ఏరేసి, మానవాళిని లొంగదీసుకునే సాంకేతిక వ్యవస్థ అని). పైగా అంకుల్, థ్రష్ చేతులు కలపాల్సిన పరిస్థితి తెచ్చాడు. శత్రువులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మాటలు ఎంత జాగ్రత్తగా పడతాయో చూడండి. తర్వాత రెయిన్‌బో ఎఫైర్. అది ఇంగ్లండ్ కథ. పేరు చెప్పకుండా షెర్లాక్ హోమ్స్, మిస్ మార్పుల్ లాంటి వేరే రచయితల డిటెక్టివ్‌లని మధ్యలో నడిపించాడు. గుర్తుపట్టడమే సగం సరదా.

జవాబు 2:
మెక్‌డానియల్ విషయంలో ఒప్పుకుంటాను కానీ 1965లో మైకేల్ అవలోన్ రాసిన మొదటి నవల థౌజండ్ కాఫిన్స్ ఎఫైర్‌ని మరీ వదిలేయకండి. అందులో కథానాయకుడు సోలో మాటతీరు తెర మీది సోలోలా ఉండదు, నిజమే. దాన్నే మొదట చదివితే మిగతావీ ఇంతేనేమో అనిపిస్తుంది. మూడో నాలుగో పుస్తకంగా చదవండి.

ఇంకోటి. ‘రాబర్ట్ హార్ట్ డేవిస్’ అని కనబడితే అది ఏస్ నవల కాదు. ఈ సీరియల్ పేరుతోనే 24 సంచికలు నడిచిన మాసపత్రికలోని చిన్న నవల. ఆ పేరు చాటున రాసింది చాలామంది, అందుకే నాణ్యత ఒక్కలా ఉండదు. విట్‌మన్ వేసిన రెండు గట్టి అట్ట పుస్తకాలు పిల్లల కోసం.

జవాబు 3:
కొనే విషయం. ఏస్ నవలలు కుట్టిన పుస్తకాలు కావు, వీపుకి జిగురు పెట్టి అంటించినవి. ఏళ్లు గడిచాక ఆ జిగురు ఎండి పెళుసెక్కుతుంది. పూర్తిగా పరిచి తెరిస్తే నడిమికి విరిగి పేజీలు ఊడొస్తాయి. లంబకోణానికి మించి తెరవకండి, అటూ ఇటూ రెండు పుస్తకాలు ఆసరా పెట్టుకుని చదవండి. ఊడిన పేజీకి సెల్లోటేప్ వద్దు, పసుపెక్కి మరక దిగుతుంది. లోపలి అంచుకి 2 మిల్లీమీటర్ల మేర పీవీఏ జిగురు (తెల్ల జిగురు) సన్న కుంచెతో రాసి, రెండు వైపులా మైనపు కాగితం పెట్టి, ఒక రోజు బరువు కింద ఉంచండి. ముక్కిపోయిన వాసన ఉంటే మూత డబ్బాలో, గిన్నెడు వంటసోడా పక్కన (తగలకుండా) వారం పాటు ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఎండలో మాత్రం పెట్టకండి, ఆ చవక కాగితం ఇంకా గోధుమరంగుకి తిరుగుతుంది.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టడం తప్ప దారి లేదా?

జవాబు 1:
లెక్కపెట్టాల్సిందే. మెక్‌డానియల్ రాసిన మాన్‌స్టర్ వీల్ ఎఫైర్‌కి మాత్రం ఇంకో దారి ఉంది. అధ్యాయాల పేర్లలో మొదటి ఇంగ్లిష్ అక్షరాలు వరసగా కలపండి. ‘ఏ ఏ విన్ ఈజ్ ఎ టైట్‌వాడ్’ (A A WYN IS A TIGHTWAD) అని వస్తుంది, అంటే ఏ.ఏ. విన్ పిసినారి అని. ఆ విన్ ఎవరో కాదు, ఏస్ బుక్స్ పెట్టినాయనే! మొత్తం 16 అక్షరాలు. తిట్టులో ఒక్క అక్షరం తగ్గినా ఆ కాపీ కొనకండి.