ఎదుటి స్థలాల్లో ఇళ్లు లేస్తున్నాయి, కొండ కనబడకుండా పోతుందేమో: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వాలుగట్టు:
మా వరుసకి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలాలన్నీ అమ్ముడయ్యాయి. 14 ఇళ్లు వస్తాయట. మా వంటింటి కిటికీలోంచి చెరువు, దాని వెనక కొండ కనబడతాయి. పొద్దున్నే పొయ్యి వెలిగించి, కొండ మీంచి మంచు ఎంతవరకు దిగిందో చూడటం అమ్మకి అలవాటు. కాలు విరిగి లేవలేకపోయిన నాలుగు నెలలూ మంచం ఆ కిటికీ పక్కనే వేయించుకుంది. కట్టుకునేవాళ్లని ఆపాలని నాకు లేదు. మేము కట్టినప్పుడు మా వెనకవాళ్లకీ ఏదో ఒకటి అడ్డం పడే ఉంటుంది. అలాగని నోరు మూసుకుని కూర్చుంటే రేపు మాకు మిగిలేది గోడే. మీరెవరైనా ఇలాంటిది దాటి వచ్చారా?

పిట్టగోడ:
ముందు ఒక మాట, చట్టం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇంగ్లండులో 1610లోనే ఆల్డ్రెడ్ అనే ఆయన వేసిన కేసులో తేల్చేశారు. అసలు గొడవ పక్కింటివాడి పందుల దొడ్డి కంపు గురించి. ఆ సందర్భంలోనే చెప్పారు: గాలి, వెలుతురు బతకడానికి అవసరం, దూరపు దృశ్యం కంటికి ఇంపు మాత్రమే, అది పోయిందని దావా వేయడం కుదరదని. మేము రెండేళ్లు వకీలు చుట్టూ తిరిగాక తెలుసుకున్న సంగతి ఇది. ఈలోగా పక్కవాళ్లతో మాటలు కూడా పోయాయి. కొండ పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ.

స్లాబ్‌లెవెల్:
నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. వాలుగట్టు గారూ, "ఎన్ని అంతస్తులు" అని కాకుండా "ఎంత దూరంలో" అని అడగండి. మీ కంటి ఎత్తు కంటే 300 మీటర్లు పైకి ఉన్న కొండ 3 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. మీ కిటికీకి 30 మీటర్ల దూరంలో, మీ కంటికి పైన 3 మీటర్లు లేచిన గోడ చాలు, శిఖరంతో సహా మూసేస్తుంది. అదే ఇల్లు 60 మీటర్ల దూరంలో ఉంటే 6 మీటర్లు లేస్తేగానీ మూయదు. అంటే స్థలంలో ఇల్లు వెనక్కి జరిగిందా, వాలులో కింద కూర్చుందా అన్నదే అసలు లెక్క.

ఇంకోటి. చాలాసార్లు చూపుకి అడ్డొచ్చేది ఇల్లు కాదు. మెట్ల గది కప్పు, దాని మీద వాటర్ ట్యాంక్. అవి ఏ మూలకి వస్తాయో ప్లాన్ గీసేటప్పుడే మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చుండదు. స్లాబ్ పోశాక మాత్రం ఎవరూ వినరు. స్విట్జర్లాండులో అయితే అనుమతికి ముందే స్థలంలో కట్టబోయే ఇంటి ఎత్తున సన్నటి స్తంభాలు నిలబెడతారు, కప్పు వాలు కూడా తెలిసేలా. దారిన పోయేవాళ్లందరికీ ఇల్లు ఎంత వస్తుందో కళ్లకి కడుతుంది. వెదురు కర్రలు, ఎర్రగుడ్డ ఉంటే మీరూ ఆ పని చేయొచ్చు.

కొత్తవాటా:
అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. మేము స్థలం కొన్నాక "దృశ్యం పాడవుతుంది" అని ఎనిమిది నెలలు పని ఆపించారు. అద్దె ఒక పక్క, బ్యాంకు వాయిదా ఒక పక్క. అభ్యంతరం పెట్టినవాళ్లలో ఇద్దరి ఇళ్లు మా ప్లాన్ కంటే ఎత్తు! చూపు అందరిదీ అనేవాళ్లు చోటు కూడా అందరిదీ అని ఒప్పుకోవాలి కదా. కెనడాలోని వాంకూవర్‌లో 1989 నుంచి పర్వతాలు కనబడేలా కొన్ని చూపు దారులు గీసి భవనాల ఎత్తు కట్టడి చేశారు. ఇళ్లు చాలక 2024లో వాటిలో కొన్ని సడలించారు. రోడ్డు మీంచి, పార్కులోంచి నలుగురూ చూసే దృశ్యాన్ని కాపాడండి, నేనూ సంతకం పెడతాను. ఒకరి పడకగది దృశ్యం కోసం ఇంకొకరు ఇల్లు మానుకోవాలంటే మాత్రం ఒప్పుకోను.

వాలుగట్టు:
@కొత్తవాటా, మీరు పడ్డది చదివి మనసు కలుక్కుమంది. అలా జరగకూడదనే ముందే అడుగుతున్నాను.

తూర్పువాకిలి:
మేము కాగితం రాసుకున్నాం. ఇళ్ల ఎత్తు ఇంతకు మించకూడదని ఆరు కుటుంబాలు కూర్చుని, దస్తావేజులోనే పెట్టించాం. పన్నెండేళ్లుగా ఎవరూ మాట తప్పలేదు. కానీ చెట్ల సంగతి రాయడం మరిచిపోయాం. ఒకాయన ప్రహరీ వెంబడి వరసగా మొక్కలు నాటాడు. ఇప్పుడవి రెండంతస్తుల ఎత్తు. కొట్టమని అడగడానికి మనసొప్పదు, వాటి వెనకే నది. మీరు రాసుకుంటే చెట్లు, ట్యాంకులు, రేపు పైన వేసే రేకుల షెడ్డు కూడా రాయండి.

పిట్టగోడ:
ఆలస్యం ఎంత ఖరీదో చెప్పే సంగతి ఒకటి. టోక్యో దగ్గర కునిటాచిలో 2024లో, రేపో మాపో అప్పగించాల్సిన పదంతస్తుల భవనాన్ని కట్టిన సంస్థే కూల్చేయడానికి పూనుకుంది. ఫూజీ పర్వతం కనబడకుండా అడ్డుపడుతోందని. అనుమతులన్నీ ఉన్న భవనమే. కొనుక్కున్నవాళ్ల సంగతి తలచుకుంటే నాకది గెలుపులా అనిపించలేదు.

వాలుగట్టు:
ఆదివారం కర్రలు పాతాం. 14 స్థలాల్లో మా వరుసకి నిజంగా అడ్డొచ్చేవి రెండే అని తేలింది! మొదటి స్థలం వాళ్లమ్మ గారు మా వంటింట్లోకి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఎర్రగుడ్డ వైపు చాలాసేపు చూశారు. "మెట్లు ఇటు పెట్టకపోతే మాకు పోయేదేముంది" అని కొడుకుని అక్కడే అడిగారు. మెట్ల గది, ట్యాంకు ఉత్తరం మూలకి మారుస్తామన్నారు. దానికి బదులుగా మా ప్రహరీ పక్క పెద్ద చెట్లు పెంచబోమని మేమూ రాసిస్తున్నాం, వాళ్లకీ గాలి, వెలుతురు రావాలి కదా.

రెండో ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆ స్థలంలో ఇల్లు వెనక్కి జరిపితే ముందు గది చిన్నదవుతుంది, ఆయన బాధలోనూ న్యాయం ఉంది. కర్రలు తియ్యొద్దన్నారు, వచ్చే ఆదివారం వాళ్లావిడని తీసుకొచ్చి చూపిస్తారట.