చంద్రుని కక్ష్యలో నివాసం: ఆవాస మాడ్యూళ్ల తయారీకి హైదరాబాద్ పరిశ్రమ ఇప్పుడే పూనుకోవాలా?

తార్నాక పాఠకుడు
చంద్రుని చుట్టూ తిప్పాలని నాసా తలపెట్టిన గేట్‌వే కేంద్రానికి తొలి ఆవాస మాడ్యూలైన (మనుషులుండే గదైన) హాలో గుల్ల, అంటే గాలిని పట్టి ఉంచే లోహపు తొడుగు, ఇటలీలోని ట్యూరిన్‌లో, థేల్స్ అలెనియా కర్మాగారంలో తయారై, మిగతా అమరికల కోసం 2025 ఏప్రిల్‌లో అరిజోనాకు చేరింది. భూమి చుట్టూ తిరుగుతున్న అంతర్జాతీయ కేంద్రంలోని కొలంబస్, హార్మనీ మాడ్యూళ్ల గుల్లలూ అక్కడివే. సొంత రాకెట్ మీద ఎన్నడూ మనిషిని పంపని దేశం కేవలం పనితనంతో ఆ స్థానం సంపాదించింది. ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజన్లు చేసే ఎంటార్, ప్రత్యేక లోహాలు పోసే మిధానీ, ఉపగ్రహాలను కూర్చే అనంత్ టెక్నాలజీస్ ఉన్న మన ఊరు అదే దారి ఎందుకు పట్టకూడదు? 2023 జూన్‌లో చంద్రయాత్రల్లో సహకారానికి అమెరికా ముందుండి నడుపుతున్న ఆర్టెమిస్ ఒప్పందాల మీద భారత్ సంతకం కూడా చేసింది కదా.

బాలానగర్ ఫ్యాబ్రికేషన్ ఇంజనీరు
తార్నాక మిత్రులు పేర్లు సరిగానే చెప్పారు గాని, పని స్వభావాన్ని వదిలేశారు. మిధానీకి పేరు తెచ్చినవి మారేజింగ్ అనే అతి దృఢమైన ఉక్కు, టైటానియం మిశ్రమాలు. ఆవాసపు గుల్లకు సాధారణంగా వాడేది అల్యూమినియం మిశ్రమం. ఇస్రో తలపెట్టిన భారతీయ అంతరిక్ష స్టేషన్ తొలి మాడ్యూలునే తీసుకోండి. దాని వ్యాసం 3.8 మీటర్లు. లోపల నేలమీది వాయుపీడనమే ఉంచితే, ఒక్కొక్క చివరన ఉన్న మూత మీద 110 టన్నులకు మించిన తోపు పడుతుంది; బయట దాన్ని ఎదుర్కొనేది ఏమీ ఉండదు. ఆ తోపును ఏళ్ల తరబడి, ఎండకూ నీడకూ మధ్య లోహం సాగి ముడుచుకుంటున్నా, అతుకు చెక్కు చెదరకుండా భరించాలి. రష్యా జ్వెజ్దా మాడ్యూల్ చివరనున్న సొరంగంలో 2019 నుంచి గాలి కారడం, ఎన్ని మరమ్మతులు చేసినా అది ఏళ్ల తరబడి సమస్యగా మిగలడం మనం చూసినదే. వెల్డు బాగుందని కంటితో చూసి చెప్పే పని కాదిది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ తొలి మాడ్యూల్ 2028లో ఎగరాలన్నది లక్ష్యం. మన చేయి ముందుగా అక్కడ తిరగాలి.

ఉప్పల్ పరిశోధక విద్యార్థి
గుల్ల విషయంలో ఇంజనీరు గారితో ఏకీభవిస్తాను. అయితే భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున నేర్చినదంతా చంద్రుని దగ్గర పనికివస్తుందనుకోవడం పొరపాటు. గేట్‌వేకు ఎంచుకున్న కక్ష్య చంద్రునికి ఒకసారి కొన్ని వేల కిలోమీటర్ల దగ్గరకు వచ్చి, తర్వాత దాదాపు 70,000 కిలోమీటర్ల దూరం పోయి, సుమారు ఆరున్నర రోజులకొక చుట్టు పూర్తిచేస్తుంది. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రపు రక్షణ దొరకదు. గోడ మందం పెంచితే చాలదు; విశ్వకిరణాలు లోహాన్ని తాకి కొత్త కణాలను పుట్టిస్తాయి, కాబట్టి నీటి నిల్వలనూ హైడ్రోజన్ ఎక్కువగా ఉండే పదార్థాలనూ మనిషి పడుకునే చోటు చుట్టూ అమర్చవలసి ఉంటుంది. పైగా ఆ కేంద్రం ఏడాదిలో ఎక్కువ కాలం మనుషులు లేకుండానే నడవాలి. పంపు ఆగితే చూసుకోవడానికి లోపల ఎవరూ ఉండరు. కాబట్టి నా దృష్టిలో హైదరాబాద్ పట్టుకోవలసింది గుల్లను కాదు. సెన్సార్లు, వాల్వులు, గాలి శుద్ధి పరికరాలు, తమ తప్పును తామే పసిగట్టే నియంత్రణ వ్యవస్థలు.

తార్నాక పాఠకుడు
విద్యార్థి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. వాల్వులు చేసేవారికి కాంట్రాక్టు దొరుకుతుంది, నిర్ణయాల బల్ల దగ్గర కుర్చీ దొరకదు. ట్యూరిన్‌కు కుర్చీ దక్కింది గుల్లతోనే.

బాలానగర్ ఫ్యాబ్రికేషన్ ఇంజనీరు
ఆ బల్లే కదులుతోంది. 2025 మేలో అమెరికా ప్రభుత్వం గేట్‌వేను ఆపేయాలని బడ్జెట్‌లో ప్రతిపాదిస్తే, జులైలో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ దానికే 260 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇంత ఊగిసలాటను నమ్మి ఒక మధ్యతరహా కంపెనీ అప్పు తెచ్చి పెద్ద వెల్డింగ్ యంత్రాలు వేయగలదా? మన అతిపెద్ద రాకెట్టు ఎల్‌వీఎం3 భూమి దగ్గరి కక్ష్యకు మోసే బరువే సుమారు 8 నుంచి 10 టన్నులు. చంద్రయాన్-3 మొత్తం బరువు 4 టన్నుల లోపే. అంటే చంద్రుని దాకా మాడ్యూలు పంపాలంటే పరాయి రాకెట్టునో, ఇంకా తయారవుతున్న తర్వాతి తరం రాకెట్టునో ఆశ్రయించాలి. 2035 నాటికి అయిదు మాడ్యూళ్లు కావాలంటున్న ఇస్రో మాత్రం ఇక్కడే ఉన్న కొనుగోలుదారు.

ఉప్పల్ పరిశోధక విద్యార్థి
ఆ అయిదింటిలో కనీసం ఒకదానిని మనుషులు లేకుండా నెలల తరబడి నడిపి చూడమని ఇస్రోను అడగవచ్చు. అది భూకక్ష్యలోనే సాధ్యం, దానికి కొత్త రాకెట్టు అక్కరలేదు.